నిలబడితే దడ, పడుకుంటే మాయం
కళ్లు తిరిగే పిల్లలకు పది నిమిషాల నాడి పరీక్ష

ఉదయం ప్రార్థన జరుగుతుండగా వరుసలో నిలబడిన పిల్ల కళ్లు తిరిగి కూలబడడం జరగని హైస్కూలు వుండదు. డ్రిల్లు మాస్టారు మొహాన నీళ్లు చల్లుతారు. ఆయా చెట్టు నీడకు తీసుకుపోతుంది. ఎవరో పరుగెత్తి సోడా తెస్తారు. "పొద్దున్న ఏమీ తినలేదా?" అన్న ప్రశ్నతో విషయం ముగుస్తుంది. చాలాసార్లు అలా ముగియడమే సరైనది కూడా. ఖాళీ కడుపు, ఎండ, కదలకుండా నిలబడడం, ఈ మూడూ కలిస్తే ఆరోగ్యంగా వున్న పిల్ల కూడా ఎప్పుడో ఒకసారి పడిపోవచ్చు.

అయితే ఒక్కసారి కూడా పడిపోకుండా రోజూ బాధపడే పిల్లలు కొందరు వుంటారు. పక్క మీద నుంచి లేవగానే కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. గుండె దడదడలాడుతుంది. తల దిమ్ముగా వుంటుంది, కడుపులో తిప్పుతుంది, చేతులు వణుకుతాయి. స్నానానికి వేడినీళ్లు పోసుకుంటే మరీ ఎక్కువ. పాఠం వింటారు గాని తలకెక్కదు. సాయంత్రానికి కాస్త తేరుకుంటారు. పడుకుంటే హాయి. తెల్లవారితే మళ్లీ అదే వరస. ఇలా నెలల తరబడి సాగుతుంది.

ఇంట్లోవారు మొదట బద్ధకమని కోప్పడతారు, తరువాత భయపడతారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. ఆ పైన ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర బలానికని ఒక సెలైను సీసా ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజులు పిల్ల చురుగ్గా తిరుగుతుంది. తరువాత కథ మళ్లీ మొదటికే వస్తుంది.

ఇలాంటి పిల్లల్లో కొందరికి వున్నది పేరున్న జబ్బే. దానిని ‘పోశ్చురల్ టాకికార్డియా సిండ్రోమ్’ అంటారు. డాక్టర్ల వాడుకలో క్లుప్తంగా ‘పాట్స్’. తేలిక మాటల్లో చెప్పాలంటే నిలబడినప్పుడు గుండె అతిగా పరుగెత్తే జబ్బు. ఇది ప్రాణం తీసేది కాదు, కాని చదువుకు ముప్పు తెస్తుంది. తరచు నీరసపడే ఆడపిల్లను బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం, ఆ తరువాత సంబంధాలు వెతకడం పల్లెల్లో ఎవరికీ తెలియని సంగతి కాదు. జబ్బును కనిపెట్టడానికి కావలసినవి మాత్రం ఒక మంచం, బీపీ చూసే పరికరం, సెకన్ల ముల్లున్న గడియారం, పది పదిహేను నిమిషాల ఓపిక.

బీపీ బాగానే వుంది, మరేమైంది?

మనిషి నిలబడగానే ఒంట్లోని రక్తంలో అరలీటరుకు పైగా ఛాతీ భాగం నుంచి పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. మడిలో నీరు పల్లానికి జారినట్లే. మెడలోను, గుండె దగ్గర వున్న పెద్ద రక్తనాళాల్లోను ఒత్తిడిని పసిగట్టే నరాలు వుంటాయి. అవి వెంటనే ఆ కబురు మెదడుకు చేరవేస్తాయి. కాళ్లలోను, పొట్టలోను రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె నిమిషానికి మరో పది, ఇరవై సార్లు అదనంగా కొట్టుకుంటుంది. మెదడుకు రక్తం తగ్గకుండా ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

పాట్స్ వున్న పిల్లల్లో ఈ సర్దుబాటు కుదరదు. కొందరిలో కాళ్ల రక్తనాళాలు చాలినంత బిగుసుకోవు. కొందరి ఒంట్లో రక్తం పరిమాణమే తక్కువ. మరికొందరిలో గుండెను తొందరపెట్టే నరాలు అతిగా పనిచేస్తాయి. కారణం ఏదైనా భారం గుండె మీద పడుతుంది. అది పరుగు పెంచి లోటు పూడ్చాలని చూస్తుంది. అందువల్ల రక్తపు పోటు పడిపోదు. చిక్కంతా ఇక్కడే వున్నది. ఆస్పత్రిలో పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి బీపీ చూస్తారు. బాగానే వుంటుంది. బల్ల మీద పడుకోబెట్టి ఇ.సి.జి. తీస్తారు. అదీ బాగానే వుంటుంది. "ఏమీ లేదమ్మా, బలంగా తినిపించండి" అని పంపిస్తారు. నిలబడితేనే బయటపడే జబ్బును కూర్చోబెట్టి, పడుకోబెట్టి వెతికితే దొరకదు గదా!

సెలైను సంగతి కూడా ఇందుకే. సీసాలోని ఉప్పునీరు రక్తం పరిమాణాన్ని కాసేపు పెంచుతుంది. అది మూత్రంలో పోయేవరకు పిల్ల బాగుంటుంది. అది వైద్యం కాదు. కాని సెలైను ఎక్కినప్పుడల్లా పిల్ల తేరుకుంటున్నదన్న సంగతి డాక్టరుకు చెప్పదగిన ఆనవాలే.

పరీక్ష ఎలా చేస్తారు?

పరీక్షకు పొద్దుటిపూట మంచిది. నిలబడినప్పుడు నాడి పెరగడం ఉదయం ఎక్కువగాను, సాయంత్రం తక్కువగాను వుంటుంది. సాయంత్రం ఓ.పి.లో చూస్తే జబ్బు వున్న పిల్ల కూడా లేనట్లు కనిపించవచ్చు. ఆ రోజు కాఫీ, టీ తాగకూడదు. జ్వరం గాని, విరేచనాలు గాని వుంటే పరీక్ష వాయిదా వేయాలి. గది మరీ ఉక్కగా వుండకూడదు.

ముందు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి అయిదు నుంచి పది నిమిషాలు కదలకుండా వుంచుతారు. కబుర్లు పెట్టకూడదు. అప్పుడు నాడి, బీపీ చూసి రాసుకుంటారు. తరువాత లేపి నిలబెడతారు. పక్కన ఒక మనిషి తప్పకుండా వుండాలి. ఆ నిలబడడం కూడా కదలకుండా నిలబడడమే. కాళ్లు మార్చి మార్చి నిలబడితే పిక్కల కండలు రక్తాన్ని పైకి నెట్టేస్తాయి, అంకెలు తప్పు వస్తాయి. కొన్నిచోట్ల మడమలను గోడకు జానెడు దూరంలో వుంచి, భుజాలు మాత్రం గోడకు ఆనించి నిలబెడతారు. నిలబడిన తరువాత ఒకటి, మూడు, అయిదు, ఏడు, పది నిమిషాలకు నాడి, బీపీ చూస్తారు. అప్పుడప్పుడు "ఎలా వుందమ్మా?" అని అడిగి, ఆ జవాబు కూడా పక్కనే రాస్తారు. కళ్లు బైర్లు కమ్ముతున్నాయని పిల్ల అన్న మరుక్షణం పడుకోబెట్టి పరీక్ష ఆపివేయాలి.

లేచిన మొదటి అరనిమిషంలో నాడి అందరికీ ఒక్కసారి ఎగిసి దిగుతుంది. దానిని లెక్కలోకి తీసుకోరు. ఎగిసిన నాడి దిగకుండా అలాగే నిలిచిందా అన్నదే ముఖ్యం.

ఉదాహరణకు పద్నాలుగేళ్ల పిల్లకు పడుకున్నప్పుడు నాడి 74 అనుకుందాం. నిలబడిన మొదటి నిమిషానికి 108, మూడో నిమిషానికి 116, అయిదో నిమిషానికి 119, పదో నిమిషానికి 122. బీపీ మాత్రం 108/70 నుంచి 106/74 అయింది, అంతే. అంటే పోటు పడలేదు, నాడి 48 పెరిగింది. నిలబడిన మూడో నిమిషం నుంచి తల తిరుగుతున్నదని పిల్ల చెప్పింది. పాదాలు నేరేడు రంగుకు తిరిగాయి. డాక్టరు అనుమానం బలపడేది ఇలాంటి కాగితం చూసినప్పుడే.

ఇంకో పిల్లకు నిలబడిన మూడు నిమిషాల్లోగా పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోయి అలాగే వుండిపోతే అది వేరే జబ్బు. దాని కారణాలు వేరు, వైద్యం వేరు. మరో పిల్ల కొద్ది నిమిషాలు బాగానే నిలబడి, హఠాత్తుగా నాడి నెమ్మదించి, పోటు పడి సొమ్మసిల్లవచ్చు. అది మామూలు సొమ్మసిల్లడం. ప్రార్థన వేళ పడిపోయే పిల్లల్లో ఎక్కువమందికి జరిగేది ఇదే.

పెద్ద నగరాల్లోని గుండె ఆస్పత్రుల్లో ఈ పరీక్షకు ‘టిల్ట్ టేబుల్’ అనే బల్ల వుంటుంది. పిల్లను దాని మీద పట్టీలతో కట్టి, బల్లను దాదాపు నిలువుగా లేపుతారు. కాళ్లకు పని వుండదు కాబట్టి దాని మీద నాడి మామూలుగా నిలబడినప్పటికన్న కొంత ఎక్కువే పెరుగుతుంది. అది లేనంత మాత్రాన జిల్లాలో రోగనిర్ణయం ఆగిపోవలసిన పని లేదు. చాలామందికి మంచం, గోడ చాలు.

ముప్పయ్యా, నలభయ్యా?

అలసట, దడ, తల తిరుగుడు కలిసి వచ్చే ఈ వరస డాక్టర్లకు కొత్తది కాదు. 1871లోనే అమెరికాలో డా కోస్టా అనే వైద్యుడు అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో ఇలాంటి దడను వర్ణించాడు. ఆ సైనికుల జబ్బు, నేటి పాట్స్ అచ్చంగా ఒకటేనని చెప్పలేం గాని, పోలికలు చాలా వున్నాయి. నేడు వాడుతున్న కొలత మాత్రం 1993 నుంచి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు షాండార్ఫ్, లో అనే ఇద్దరు ఈ జబ్బును కొలతలతో సహా వివరించారు. నిలబడిన పది నిమిషాల్లోగా నాడి 30 పెరిగి, పోటు పడకుండా వుంటే పాట్స్ అన్నది పెద్దలకు కుదిరిన లెక్క. యుక్తవయసు పిల్లల్లోనూ ఇది వున్నదని 1999లో న్యూయార్కు వైద్యులు వెల్లడించారు.

ఇక్కడ ఒక తిరకాసు వచ్చింది. పిల్లల గుండె పెద్దల గుండె వంటిది కాదు. ఏ జబ్బూ లేని పిల్లలకు కూడా నిలబడితే నాడి బాగా పెరుగుతుంది. మేయో క్లినిక్‌లోనే వందకు పైగా ఆరోగ్యవంతులైన పిల్లలను, ఆరు వందలకు పైగా బాధలున్న పిల్లలను పోల్చి చూసి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి పెరుగుదల 30 దాటింది. పెద్దల లెక్క పెడితే చక్కగా ఆడుకునే పిల్లలందరికీ జబ్బు అంటగట్టవలసి వస్తుందన్న మాట! అందువల్ల 12 నుంచి 19 ఏళ్ల వారికి 40 పెరగాలన్నది ఇప్పుడు వైద్యులు పాటిస్తున్న కొలత. నిలబడినప్పుడు నాడి మొత్తం మీద 13 ఏళ్లలోపు వారికి 130, 14 ఏళ్లు దాటినవారికి 120 చేరినా అనుమానించాలని ఆ పరిశీలకులు సూచించారు.

అంకె ఒక్కటే జబ్బు కాదు. నాడి 45 పెరిగినా ఏ బాధా లేకుండా కబడ్డీ ఆడే పిల్లకు పాట్స్ లేదు. నిలబడితే వచ్చి పడుకుంటే తగ్గే బాధలు కనీసం మూడు నెలలుగా వుండాలి. వాటికి వేరే కారణం దొరకకూడదు. ఈ మూడూ కుదిరితేనే ఆ పేరు పెట్టాలి. కరోనా నాటి నుంచి చాలా ఇళ్లలో వేలికి తగిలించే ఆక్సిమీటరు వుంది. అది నాడి కూడా చూపుతుంది. దానితో ఇంట్లో పరీక్ష చేసి "మా పిల్లకు పాట్స్ వచ్చింది" అని నిర్ణయించుకోవడం తగదు. అంకెలు రాసి డాక్టరుకు చూపితే మాత్రం ఉపయోగమే.

ముందు చూడవలసింది రక్తహీనత

మన ఊళ్లలో పాట్స్ అని అనుమానించే ముందు పది పిల్లల్లో ఆరుగురికి వున్న సంగతి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత వుంది. రక్తం పలచబడితే నిలబడినప్పుడే కాదు, మెట్లెక్కినా దడే. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హెమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే ముందు దానికి మందు వాడి, రక్తం కోలుకున్న తరువాత నాడి పరీక్ష మళ్లీ చేయాలి. బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారవేసే పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పడం అవసరం. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నదేమో తల్లి గమనించాలి. నులిపురుగుల మాత్ర మింగిందో లేదో అడగాలి.

రక్తహీనత లేకపోతే థైరాయిడ్ చూస్తారు. అది ఎక్కువగా పనిచేసినా గుండె పరుగెత్తుతుంది. అయితే ఆ దడ పడుకున్నా పోదు. ఉబ్బసానికి వాడే మందులు కొన్ని నాడిని పెంచుతాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వుంటే క్షయ పరీక్ష చేయాలి. చిన్నతనంలో కీళ్లు వాచి జ్వరం వచ్చిన పిల్లకు గుండె కవాటాలు దెబ్బతిన్నాయేమో స్టెతస్కోపుతో వినాలి. కీళ్లవాత గుండె జబ్బు మన దేశంలో ఇంకా పోలేదు. ఇ.సి.జి. ప్రతి పిల్లకూ తీయాలి. మిగతావన్నీ అందరికీ అవసరం లేదు. ఒక పెద్ద ఫైలు నిండా పరీక్షలు చేయించి అప్పుల పాలు కావలసిన జబ్బు కాదిది.

టైఫాయిడ్ వంటి జ్వరంతో వారాల తరబడి మంచం పట్టి లేచిన పిల్లకు కొన్నాళ్లు దడ వుండడం సహజం. తిండి తిని, తిరగడం మొదలుపెట్టాక మళ్లీ చూడాలి. పాట్స్ కూడా చాలామందికి ఏదో ఒక వైరస్ జ్వరం తరువాతే మొదలవుతుంది. 2020 తరువాత కరోనా వచ్చి తగ్గినవారిలో ఇది ఎక్కువగా బయటపడింది. పిల్ల ఒక్కసారిగా పొడవు పెరిగే వయసులో, ఆడపిల్లలకైతే రజస్వల అయిన తరువాత ఎక్కువగా కనిపిస్తుంది. మగపిల్లల కన్న ఆడపిల్లల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. కీళ్లు అతిగా వంగే పిల్లల్లోనూ తరచు వుంటుంది. బొటనవేలిని వంచి ముంజేతికి ఆనించగలవా అని డాక్టరు అడిగితే అది సరదాకు కాదు.

‘నాటకం’ అనే ముందు

దడ, చెమట, వణుకు చూసి ఇదంతా భయం, పరీక్షల బెంగ అని తేల్చివేయడం డాక్టర్లలో కూడా వున్న అలవాటు. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బెంగ వల్ల వచ్చే దడకు కూర్చున్నా, పడుకున్నా ఒకటే. పాట్స్ దడకు నిలబడడమే ముహూర్తం.

"ఎప్పుడెక్కువ వుంటుందమ్మా?" అని డాక్టరు అడిగితే, "పొద్దున్న లేవగానే అండీ. ముగ్గు వెయ్యమంటే వంగి లేచి గోడ పట్టుకుంటుంది. అన్నం తిన్నాక కూడా అంతే. మధ్యాహ్నం పడుకుంటే మాత్రం నిక్షేపంగా వుంటుంది" అని తల్లి చెప్పగలిగితే సగం రోగనిర్ణయం అయిపోయినట్లే. కాబట్టి ఆస్పత్రికి పోయే ముందు వారం రోజులు ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపటికి తగ్గింది ఒక కాగితం మీద రాసి తీసుకుపోవడం మంచిది. పిల్లను కాసేపు ఒంటరిగా కూడా మాట్లాడించాలి. తల్లి ఎదుట చెప్పుకోలేనివి వుంటాయి. తిండి మానేస్తున్నదేమో, నెలసరి ఎలా వుందో, బడిలోనో దారిలోనో ఎవరైనా వేధిస్తున్నారేమో అప్పుడే తెలుస్తుంది. జబ్బు, బెంగ రెండూ వున్న పిల్లలూ వుంటారు.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

పరుగెత్తుతుండగానో, ఆటలోనో, ఈతలోనో పిల్ల ఉన్నట్టుండి పడిపోతే అది పాట్స్ అని సరిపెట్టుకోకూడదు. పడుకుని వుండగా హఠాత్తుగా దడ మొదలై, స్విచ్చి వేసినట్లు వచ్చి స్విచ్చి తీసినట్లు పోతే గుండె లయలో తేడా వుండవచ్చు. కష్టం చేస్తుంటే ఛాతీలో నొప్పి రావడం, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా అకస్మాత్తుగా చనిపోయి వుండడం, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ నాలుక కరుచుకోవడం, ఇవన్నీ వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకుపోవలసిన గుర్తులు.

ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని కేంద్రం 2013లో ప్రారంభించింది. ఆ జాబితాలో తీవ్రమైన రక్తహీనత, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులు, కీళ్లవాత గుండె జబ్బు వున్నాయి. పాట్స్ పేరు లేదు. అయినా ఆ బృందం వచ్చిన రోజున తరచు కళ్లు తిరిగే పిల్లల పేర్లు క్లాసు టీచరు ముందే రాసి వుంచితే, ఆ డాక్టర్లు నాడి చూసి జిల్లా ఆస్పత్రికి పంపగలరు.

తేలిన తరువాత

వైద్యం మొదట వంటింట్లోనే. రోజుకు రెండు మూడు లీటర్ల నీరు తాగించాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మంచివి. ఉప్పు ఎంత పెంచాలో డాక్టరే చెప్పాలి. మూత్రపిండాల జబ్బు గాని, రక్తపు పోటు గాని వుంటే ఉప్పు చేటు. మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేవకుండా పిక్కలు నాలుగుసార్లు బిగించి వదిలి, కూర్చుని, తరువాత నిలబడాలి. ఎప్పుడూ పడుకునే వుంటే జబ్బు ముదురుతుంది. పడుకుని కాళ్లాడించే కసరత్తులతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. కాళ్లకు బిగువైన మేజోళ్లు కొందరికి పనిచేస్తాయి. నాడిని నెమ్మదింపజేసే మందులు, ఒంట్లో ఉప్పునీరు నిలిపే మందులు వున్నాయి గాని అవి రెండో వరసలోవి.

బడిలో నీళ్ల సీసా దగ్గర పెట్టుకోనివ్వడం, ప్రార్థనలో కూర్చోనివ్వడం, ఎండలో డ్రిల్లు మినహాయించడం హెడ్మాస్టరు చేతిలోని పనులు. డాక్టరు రాసిన చిన్న చీటీ వుంటే ఏ హెడ్మాస్టరూ కాదనరు.

యుక్తవయసులో పాట్స్ వచ్చినవారిని కొన్నేళ్ల తరువాత మేయో క్లినిక్ వారు విచారించి 2016లో వివరాలు ప్రచురించారు. జవాబిచ్చినవారిలో 86 శాతం మంది జబ్బు పోయిందనో, తగ్గిందనో, అప్పుడప్పుడు మాత్రమే వస్తున్నదనో చెప్పారు. పూర్తిగా పోయిందన్నవారు అయిదుగురిలో ఒకరు. అంటే నెల రోజుల్లో తగ్గే జబ్బు కాదు. మొదటి రోజు అంకెలు రాసిన కాగితాన్ని పారవేయకుండా దాచుకుని, రెండు మూడు నెలలకొకసారి అదే వేళకు, అదే విధంగా నిలబెట్టి కొత్త అంకెలు దాని పక్కనే రాయించుకుంటే పిల్ల ఎంత కోలుకున్నదీ డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది.